అద్దాల బీరువా, అలమర, గాజుపెట్టె

సందేహం: కొలువు బొమ్మలు దాచుకొనే గాజుతలుపుల సామానును మా ఇంట్లో ‘అద్దాల బీరువా’ అంటాము. పొరుగున ఉన్న తమిళులు ‘కణ్ణాడి బీరో’ అంటారు. బీరువా మనకు తమిళం నుంచి వచ్చిందా? మా సంఘం గ్రంథాలయంలో పాత పుస్తకాలు ఉంచిన బల్ల ఎత్తు గాజుపెట్టెకు ‘ప్రదర్శన మంజూష’ అని పేరు రాయాలని కొందరంటున్నారు. అది సరైనదేనా?
– ఒక పాఠకురాలు, మాంబళం, చెన్నై

సమాధానం: తమిళుల బీరోకు, మన బీరువాకు, కన్నడిగుల బీరుకు మూలం ఒక్కటే, ఫ్రెంచివారి ‘బ్యూరో’. ఆ భాషలో ‘బ్యూర్’ అంటే ముతక ఉన్నిబట్ట. రాతబల్ల మీద పరిచే ఆ బట్ట పేరు క్రమంగా బల్లకు, బల్ల నుంచి అది ఉన్న గదికి, గది నుంచి కార్యాలయానికి పాకింది. 17వ శతాబ్దంలో ఇంగ్లీషువారు ఈ మాటను సొరుగులున్న రాతబల్ల అనే అర్థంలో తీసుకొన్నారు; మన దేశానికి వచ్చాక అది తలుపులతో నిలువుగా నిలబడే సామానుకు పేరైంది. అచ్చతెలుగు నామాలు ఓకారంతో ముగియవు గనుక, ఆ చివరి ఓకారమే మన నోట ‘ఉవా’గా విడివడిందని నా అభిప్రాయం. పత్రికలవారి ‘చెన్నై బ్యూరో’ కూడా ఈ మాటే. ఒకే పదం రెండు దారుల్లో వచ్చి, రెండు రూపాలతో, రెండు అర్థాలతో తెలుగులో స్థిరపడటం నాకెంతో ముచ్చటగా తోస్తుంది.

అలమర కథ వేరు. అది పోర్చుగీసు ‘అర్మారియో’. లాటిన్‌లో ఆయుధాలో పనిముట్లో దాచే చోటు అని దాని అర్థం. రెండు రేఫలలో మొదటిది లకారమైంది. తెలుగులో అలమర అనగానే ఎక్కువగా గోడలో అమరిన అరలు తలపుకొస్తాయి. బీరువా మాత్రం గోడకు ఆనించి నిలిపేది, కావాలంటే మరో గదికి జరుపుకోగలిగేది.

‘అద్దాల బీరువా’లో జాగ్రత్తగా చూడవలసిన మాట అద్దం. ముఖం చూసుకొనేదీ అద్దమే, కిటికీకి బిగించే పలకా అద్దమే. తమిళ ‘కణ్ణాడి’కీ ఈ రెండర్థాలున్నాయి, కళ్లజోడు అదనం. అందువల్ల తలుపుకు నిలువుటద్దం బిగించిన ఇనుప బీరువాను ‘అద్దం బీరువా’ అని ఏకవచనంలోను, లోపలివి కనిపించే దానిని ‘అద్దాల బీరువా’ అని బహువచనంలోను చెప్పడం మేలు. ఇంకా స్పష్టత కావాలంటే ‘గాజుతలుపుల బీరువా’ అనవచ్చు. గాజు సంస్కృత ‘కాచ’ శబ్దానికి తద్భవం. అది పదార్థాన్నే చెబుతుంది గాని ప్రతిబింబాన్ని సూచించదు.

ఇక మీ గ్రంథాలయంలోనిది నిలువుగా నిలబడి తలుపులు తెరుచుకొనేది కాదు గనుక దానిని బీరువా అనకూడదు. ‘ప్రదర్శన మంజూష’లో వ్యాకరణదోషం లేదు, అయితే మంజూషకు పెట్టె అనే అర్థమే తప్ప గాజు అనే సూచన లేదు, పైగా మూసి దాచే పెట్టెనే అది ముందుగా స్ఫురింపజేస్తుంది. ఎగ్మోరు ప్రభుత్వ మ్యూజియంలో చిన్న వస్తువులను ఉంచినటువంటి వాటికి, మీ పుస్తకాలున్న దానికి, మీరు ప్రశ్నలో సహజంగా వాడిన ‘గాజుపెట్టె’ చాలు. పలక మీద ‘గాజుపెట్టెను తాకవద్దు’ అని రాయండి. చదివినవారెవరికీ సందేహం కలగదు.