దిగుతున్నా ఎక్కుతున్నట్టే!

ప్రశ్న: లేహ్ దగ్గరి మాగ్నెటిక్ హిల్ రోడ్డు మీద న్యూట్రల్‌లో ఉంచిన మా కారు ఎత్తుకు ఎక్కింది. కొండలో అయస్కాంతం ఉందా?
– ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: లేదండీ, కారు పల్లానికే దిగింది. కన్ను వాలును దిగంతంతో పోల్చి అంచనా కడుతుంది. చుట్టూ కొండలు అడ్డొస్తే ఆ ఆధారం పోతుంది. బాగా ఏటవాలు దిగుడు తర్వాత స్వల్ప దిగుడు వస్తే అదీ ఎక్కుడులాగే తోస్తుంది.

ఇలాంటి చోట వాలు కొలవడానికి రసమట్టం (గాలిబుడగతో మట్టం చూపే పరికరం) కన్నా తాపీ మేస్త్రీలు వాడే, నీళ్లు నింపిన పారదర్శక పైపే నయం. రోడ్డుపై 8 మీటర్ల దూరంలో రెండు కర్రలు నిలబెట్టి, పైపు చివరలు వాటికి ఆనించండి. రోడ్డు నుంచి నీటిమట్టం ఎత్తు ఎటు ఎక్కువో అటే పల్లం. తేడా 16 సెంటీమీటర్లయితే వాలు 2 శాతం. పైపులో గాలిబుడగ ఉన్నా, ఒక చివర వేలితో మూసినా కొలత తప్పుతుంది. వాహనాలు తిరిగే వేళ మాత్రం వద్దు.

ఇంకోసారి కారుతో చూస్తే ఇంజిన్ ఆపకండి. ఆపితే బ్రేక్ పెడల్ గట్టిపడి, తొక్కడం కష్టమవుతుంది.