లోడర్ 'ద్వారా' అనవచ్చా?

సందేహం: జావా వర్చువల్ మెషీన్‌లో క్లాసులను ముందే సిద్ధం చేసి దాచుకునే సీడీఎస్ సదుపాయం గురించి మా బృందానికి తెలుగులో కరపుస్తకం రాస్తున్నాను. 'అనువర్తన తరగతి భారకం ద్వారా లోడ్ చేయబడిన తరగతులు పురాలేఖలో ఉంచబడతాయి' అని రాస్తే తోటివారు అర్థం కాలేదన్నారు. ఎక్కడ తప్పింది?

సమాధానం: పారిభాషిక పదాల సంగతి తర్వాత. అసలు చిక్కు 'ద్వారా'లో ఉంది.

లోడర్ అంటే ప్రోగ్రాంకు కావలసిన క్లాసులను (కోడు ముక్కలను) మెమరీలోకి తెచ్చిపెట్టే భాగం. క్లాసు కావాలని ఎవరిని అడిగామో ఆ లోడర్ వేరు, దాన్ని నిజంగా నిర్వచించి ఇచ్చే లోడర్ వేరు కావచ్చు. మీ ప్రోగ్రాంకు జావాతోనే వచ్చే స్ట్రింగ్ క్లాసు కావలసివస్తే అడిగేది మీ ప్రోగ్రాం క్లాసులను చూసుకునే యాప్ లోడర్‌నే; మీ వాక్యంలోని 'అనువర్తన తరగతి భారకం' ఇదే. అది తాను ముట్టుకోకుండా పైకి అప్పగిస్తుంది, చివరికి ఇచ్చేది జావా మూల క్లాసులను చూసుకునే బూట్ లోడర్. 'యాప్ లోడర్ ద్వారా వచ్చిన క్లాసులు' అంటే స్ట్రింగ్ కూడా ఆ లెక్కలోకి వచ్చేస్తుంది. తెలుగులో 'ద్వారా' దారిని చెబుతుంది, కర్తను కాదు. తమ్ముడి ద్వారా డబ్బు అందిందంటే ఇచ్చినవాడు తమ్ముడని కాదుగదా!

సీడీఎస్‌కు ఈ తేడా ప్రాణం. బూట్, ప్లాట్‌ఫాం (జావాతో వచ్చే మరికొన్ని క్లాసులను చూసుకునేది), యాప్ లోడర్లలో ఏది నిర్వచించిందో క్లాసుతోపాటు గుర్తు పెట్టుకుంటుంది. తర్వాత నడిపేటప్పుడు ఆ లోడర్‌కే దాన్ని అందిస్తుంది. జావాలో క్లాసు గుర్తింపు పేరొక్కటే కాదు, పేరూ నిర్వచించిన లోడరూ కలిస్తేనే. ఒకే క్లాసు ఫైలును రెండు లోడర్లు నిర్వచిస్తే అవి రెండు క్లాసులు. ఒకదాని ఆబ్జెక్టును రెండోదానిగా క్యాస్ట్ చేస్తే, అంటే ఆ రకంగా చూపి వాడబోతే, క్లాస్‌క్యాస్ట్ ఎక్సెప్షన్ అనే లోపం వస్తుంది. ఆ సందేశంలో రెండువైపులా ఒకే పేరు కనబడి మతి పోతుంది.

కాబట్టి: 'యాప్ లోడర్ నిర్వచించిన క్లాసులు నిల్వలో చేరతాయి.' 'చేయబడిన', 'ఉంచబడతాయి' వాటంతటవే పోయాయి చూడండి.

'నిల్వ' ఎందుకన్నానంటే, పురాలేఖ పాత దస్తావేజులకు చెల్లే మాట. ఇక్కడ దాచేది పాతది కాదు. క్లాసు ఫైలును విడదీసి, సరిచూసి, మెమరీలోకి నేరుగా మ్యాప్ చేసుకునే రూపంలో పెట్టుకున్న సరుకు. నిల్వ పచ్చడి లాంటిది, అప్పటికప్పుడు నూరక్కర్లేదు. 'ఆర్కైవ్' అనే ఉంచవచ్చు గాని, క్లాసు ఫైళ్లను మూటగట్టే జార్ అన్నదీ జావా ఆర్కైవ్‌కు పొట్టిపేరే. 'ఆర్కైవ్ మారితే ఆర్కైవ్ చెల్లదు' అని రాయాల్సివస్తుంది. 'జార్ మారితే నిల్వ చెల్లదు' అంటే తేటగా ఉంటుంది, నిజం కూడా. జార్‌ను మళ్లీ బిల్డ్ చేస్తే సైజో, మార్పు సమయమో కలవక జేవీఎం (జావా వర్చువల్ మెషీన్) నిల్వను పక్కన పెడుతుంది. క్లాస్‌పాత్ (క్లాసులను వెతికే చోట్ల జాబితా) చివర కొత్త జార్ చేర్చవచ్చు, ముందున్న వరస మార్చకూడదు. మామూలు అమరికలో ప్రోగ్రాం ఆగదు, నెమ్మదిగా మొదలవుతుందంతే. అందుకే చాలామంది గమనించరు.

'భారకం' ఎవరూ అనరు. లోడు అన్నది లారీల దగ్గర ఎప్పుడో తెలుగైంది. 'తరగతి' అనగానే బడి గుర్తొస్తుంది, క్లాసే మేలు.

ఇంకొకటి. ప్రోగ్రామర్లు తాము రాసుకునే లోడర్లను 'వాడుకరి నిర్వచిత లోడర్లు' అనకండి. 'నిర్వచించు'ను క్లాసులకే అట్టిపెట్టి, వీటిని 'సొంత లోడర్లు' అనండి. 2004లో జేడీకే (జావా డెవలప్‌మెంట్ కిట్) 5తో వచ్చిన సీడీఎస్ బూట్ లోడర్ క్లాసులకే పరిమితం; 2018లో జేడీకే 10తో యాప్, ప్లాట్‌ఫాం లోడర్ల క్లాసులకూ అందరికీ తెరుచుకుంది. 2025లో జేడీకే 24 తెచ్చిన ఏఓటీ కాష్ అనే, సీడీఎస్‌నే పెంచి చేసిన నిల్వలో మాత్రం సొంత లోడర్లు నిర్వచించినవి చేరవు.