సూదులు వేయించాక రెండు రోజులు బాగుండి మళ్లీ కుంటుతుంటే

భుజానికి మూడుసార్లు ఆక్యుపంక్చర్ సూదులు వేయించినా రెండు రోజులకే మీ గుర్రం ముందు ఎడమ కాలు మళ్లీ కుంటుతోందంటే, నొప్పి తాత్కాలికంగా తగ్గుతోంది గానీ మూలం అలాగే ఉందన్నమాట. ముందు కాలి కుంటుకు చాలావరకు కారణం గిట్టలోనే దొరుకుతుంది. మీరేమో భుజానికి సూదులు వేయిస్తున్నారు. కుంటుతున్న గుర్రానికి భుజం పట్టేయడం మామూలే, అది కుంటు వల్ల వచ్చేదే.

1. డాక్టర్ పరీక్షకు ముందు కొన్ని రోజులు సూదులు వద్దు. బ్యూట్ (గుర్రాలకిచ్చే నొప్పి మందు) ఇస్తుంటే ఎప్పుడు ఆపాలో ఆయన్నే అడగండి. నొప్పి కప్పేసి ఉంటే పరీక్షలో ఏమీ దొరకదు.

2. చాలామంది వదిలేసేది నర్వ్ బ్లాక్, అంటే కాలిని భాగాలవారీగా మొద్దుబార్చి నొప్పి ఎక్కడుందో కనిపెట్టే పరీక్ష. ముందు గిట్టను హూఫ్ టెస్టర్ అనే పటకారుతో నొక్కి చూస్తారు. తర్వాత కింది నుంచి పైకి ఒక్కో చోట మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, ప్రతిసారీ గట్టి నేల మీద ట్రాట్ (నెమ్మది పరుగు) చేయిస్తారు. మీరు తల గమనించండి: నొప్పి కాలు నేలకు ఆనగానే పైకి లేస్తుంది. ఏ ఇంజెక్షన్ తర్వాత ఆ ఊపు ఆగితే నొప్పి ఆ భాగంలోదే. ఎక్స్‌రే అక్కడ తీయించండి. ఎముక చిట్లిందన్న అనుమానం ఉంటే మాత్రం ఎక్స్‌రేనే ముందు.

3. కారణం తేలాక సూదులు మళ్లీ వేయించొచ్చు, ఆ శిక్షణ ఉన్న పశువైద్యుడితోనే. లాడం సరిచేయించడం, మందులు, విశ్రాంతి మానకూడదు. బాగా నడుస్తోంది కదా అని వెంటనే స్వారీ చేయకండి.

గిట్ట వేడెక్కి, కాలు అసలు మోపకపోతే ఇవేవీ చూడకుండా ఆ రోజే డాక్టర్‌ను పిలవండి.