గుండె జబ్బు కారణాలు ప్రాంతాన్ని బట్టి మారతాయా?

కారణాలు పెద్దగా మారవు, వాటి పాళ్లు మారతాయి. 52 దేశాల్లో జరిగి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం తేల్చింది ఇదే. పొగతాగడం, చెడు కొవ్వులు, రక్తపోటు, మధుమేహం, పొట్ట చుట్టూ కొవ్వు, మానసిక ఒత్తిడి వంటి తొమ్మిది అంశాలే తొలి గుండెపోటు ముప్పులో దాదాపు 90 శాతానికి మూలమని అందులో కనిపించింది. అయితే దక్షిణాసియా వాసులకు ఆ గుండెపోటు మిగతావారికన్నా ఐదారేళ్లు ముందే వచ్చింది.

మరి జన్యువుల మాటేమిటి? జపాన్ మూలాలున్న పురుషులపై 1960లలో మొదలైన పరిశోధన చూడండి. స్వదేశంలో ఉన్నవారిలో గుండె జబ్బు తక్కువ, హవాయిలో ఉన్నవారిలో కొంత ఎక్కువ, కాలిఫోర్నియాలో స్థిరపడినవారిలో మరీ ఎక్కువ. రక్తం ఒకటే, బతుకు తీరు వేరు. అలాగని జన్యువులను కొట్టిపారేయలేం. ఒకే బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూపే సూచీ) ఉన్నా యూరప్ వారికన్నా ఆసియా వాసుల ఒంట్లో కొవ్వు శాతం సాధారణంగా ఎక్కువ.

అంకెలు పోల్చడంలోనే అసలు తిరకాసు ఉంది. వృద్ధులు ఎక్కువున్న చోట మరణాలూ ఎక్కువే కనిపిస్తాయి. వయసు తేడాను సరిచేయని పట్టికను నేనైతే పక్కన పెట్టేస్తాను. ఇంకో చిత్రం: 17 దేశాల ప్యూర్ అధ్యయనంలో ముప్పు అంశాలు అత్యధికంగా ఉన్నది సంపన్న దేశాల్లో, మరణాలు అత్యధికంగా ఉన్నది పేద దేశాల్లో. రక్తపోటును ముందే పట్టుకుని మందులు వాడించడం, సకాలంలో చికిత్స అందించడం సంపన్న దేశాల్లో మెరుగ్గా ఉండటమే ఈ తేడాకు ప్రధాన కారణమని పరిశోధకులు భావించారు.