రిపోర్టులో 1.4 చూసి అమ్మ డబ్బా దాచేసింది

ప్రశ్న: అన్నా, నాకు 26 ఏళ్లు. నాలుగు నెలలుగా జిమ్‌కి పోతూ కండ కోసం రోజూ 5 గ్రాముల క్రియాటిన్ పొడి తీసుకుంటున్నా. మొన్న ఆఫీసు హెల్త్ చెకప్‌లో క్రియాటినిన్ 1.4 వచ్చింది, పక్కనే ‘హై’ అని ఉంది. కిడ్నీలు పోయాయని అమ్మకి ఒకటే టెన్షన్, డబ్బా ఎక్కడ దాచిందో కూడా చెప్పట్లేదు. నిజంగానే పాడయ్యాయా?
– ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ముందు అమ్మ మీద కోప్పడకు తమ్ముడూ, క్రియాటిన్, క్రియాటినిన్ అని ఒకేలా ఉన్న ఆ రెండు పేర్లు వింటే ఎవరికైనా కంగారే. ఒంట్లో ఉన్న క్రియాటిన్‌లో రోజుకు రెండు శాతం లోపు దానంతటదే క్రియాటినిన్‌గా మారి రక్తంలోకి వస్తుంది, కిడ్నీలు దాన్ని వడగట్టి బయటికి పంపేస్తాయి. రక్తంలో అది ఎక్కువగా కనబడితే వడపోత సరిగా లేదేమోనని ల్యాబువాళ్ల అనుమానం. కానీ నువ్వేమో రోజూ పైనుంచి స్కూపు పోస్తున్నావు, కండ కూడా పెరిగి ఉంటుంది, అంటే తయారయ్యేదే ఎక్కువ. సింకులో నీళ్లు నిలిచాయంటే జాలీ మూసుకుపోయి ఉండొచ్చు, నల్లా ఎక్కువ తిప్పి ఉండొచ్చు, నిలిచిన నీళ్లు చూసి ఏదని చెప్తాం? టెస్టుకు ముందు రాత్రి హలీమో మటన్ బిర్యానీయో లాగించినా అంకె కాస్త పైకి పోతుంది, ఎందుకంటే మాంసం ఉడికేటప్పుడే అందులోని క్రియాటిన్ కొంత క్రియాటినిన్ అయిపోతుంది.

అందుకని మూడు నాలుగు వారాలు పొడి ఆపెయ్. టెస్టుకు ముందు రెండు రోజులు బరువులూ వద్దు, మాంసమూ వద్దు. క్రియాటినిన్‌తో పాటు సిస్టాటిన్ సి అడుగు, అది కూడా కిడ్నీల వడపోతను చూపే రక్తపరీక్షే, దాని మీద క్రియాటిన్ ప్రభావం ఉండదు. మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందేమో కూడా చూపించు. రిపోర్టులు పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లు, మీ జిమ్ ట్రైనర్ దగ్గరికి కాదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు రోజుకు 3–5 గ్రాములు తీసుకుంటే కిడ్నీలు చెడినట్టు పరిశోధనల్లో కనబడలేదు, నిజమే, కానీ బీపీ, షుగర్ ఉన్నవాళ్ల లెక్క వేరు. ఇంకోటి, డెడ్‌లిఫ్ట్ చేసి నడుం పట్టేసిందని పెయిన్‌కిల్లర్లు మింగే అలవాటుంటే డాక్టరుకు దాచకుండా చెప్పు, నాకు పొడి కన్నా వాటి మీదే అనుమానం ఎక్కువ.

ప్రశ్న: అమీర్‌పేట హాస్టల్‌లో ఉంటా, 60 కిలోలు. వే ప్రోటీన్ (పాల నుంచి తీసే ప్రోటీన్ పొడి) కొనలేను. కండ రాదా?
– ఒక విద్యార్థి

జవాబు: ఎందుకు రాదు! బరువులెత్తేవాళ్లకి ఒంటి బరువులో కిలోకి రోజుకు 1.6 గ్రాముల ప్రోటీన్ చాలు, అంటే నీకు 96. నాలుగు గుడ్లతో 24, అర లీటరు పాలతో 16, యాభై గ్రాముల ఎండు మీల్‌మేకర్‌తో దాదాపు 26. మిగిలింది అన్నం, చపాతీ, పెరుగు, గుప్పెడు పల్లీలతో వచ్చేస్తుంది. మెస్ పప్పుని నేను లెక్కలో వెయ్యలేదు, అందులో పప్పు ఎంతో నీకే తెలుసు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కూడా 2024 మార్గదర్శకాల్లో కండ కోసం పొడులు వద్దనే చెప్పింది. మీల్‌మేకర్‌ని మాత్రం వేడినీళ్లలో నానబెట్టి గట్టిగా పిండు, లేకపోతే ఆ వాసనకి రెండో రోజే మానేస్తావు.