గుమ్మం మీద మేస్త్రీ పేరు

ప్రశ్న: అమెరికాలో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు వర్జీనియాలోని స్టాఫర్డ్ దగ్గర చెట్ల మధ్య ఒక పాత ఇటుకల చర్చి చూశాం. అక్వైయా ఎపిస్కోపల్ చర్చి అన్నారు. అది మన సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) లాంటిదేనా? దాని కథ చెబుతారా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: దగ్గరి చుట్టాలేనమ్మా. ఎపిస్కోపల్ అంటే బిషప్పుల ఆధ్వర్యంలో నడిచేది. బ్రిటిష్ వాళ్ల కాలంలో వర్జీనియాలో ఇంగ్లండు చర్చే ప్రభుత్వ చర్చి. అమెరికాకు స్వాతంత్ర్యం వచ్చాక అక్కడి పాదిరీలు ఇంగ్లండు రాజుకు విధేయులమని ప్రమాణం చేయడం కుదరదు కదా! 1789లో సొంత నియమావళి రాసుకుని ఎపిస్కోపల్ చర్చి అయ్యారు. అది, మన సీఎస్ఐ రెండూ ఇప్పుడు ఇంగ్లండు చర్చితో బంధమున్న ఆంగ్లికన్ చర్చిల కుటుంబంలోవే. పన్నుల ఆదరువు పోయేసరికి ఆ రాష్ట్రపు పల్లెల్లో చాలా చర్చిలు పాడుపడ్డాయి. ఇది నిలిచింది.

మా నాన్న తాపీ మేస్త్రీ. ఆయన కట్టిన ఏ ఇంటి మీదా ఆయన పేరు లేదు. అందుకే ఈ చర్చి గుమ్మం పైన చెక్కిన అక్షరాలంటే నాకు ప్రాణం. 1751లో కట్టారనీ, 1754లో కాలిపోయిందనీ, 1757లో మళ్లీ కట్టారనీ అక్కడ ఉంది. కింద గుత్తేదారు మౌర్నింగ్ రిచర్డ్స్, మేస్త్రీ విలియం కోపీన్ పేర్లు. గుత్తేదారును అప్పట్లో 'అండర్‌టేకర్' అనేవారు. ఇప్పుడా మాటకు శవ సంస్కారాలు చూసేవాడని అర్థం!

నాలుగు చేతులూ సమానంగా ఉన్న సిలువ ఆకారంలో ఇటుక గోడలు, రెండు వరుసల కిటికీలు. గోడల మూలలకూ గుమ్మాలకూ పెట్టింది అక్వైయా ఇసుకరాయి. వైట్‌హౌస్‌కు వాడిందీ అక్వైయా వాగు ఒడ్డు రాయే. లోపల ప్రసంగ వేదిక మూడంతస్తులు: పై అంతస్తు ప్రసంగానికి, మధ్యది వాక్యం చదవడానికి, అడుగున, ఆరాధనలో సంఘం చేత జవాబులు పలికించే గుమాస్తా.

ప్రభు భోజనపు వెండి పాత్రలు 1739 నాటివి. స్వాతంత్ర్య యుద్ధంలో, బ్రిటన్‌తో జరిగిన 1812 యుద్ధంలో, అంతర్యుద్ధంలో మూడుసార్లు వాటిని నేలలో పాతిపెట్టి దాచుకున్నారు. అంతర్యుద్ధం నాటి సైనికులు రాళ్ల మీద తమ పేర్లూ గీసి పోయారు. ఈసారి వెళితే ఆ గీతలు చూడండి. కోపీన్ పేరు ముందు మాత్రం నా తరఫున కూడా ఒక్క నిమిషం నిలబడండమ్మా.