రెండో పంపు కూడా పోయిందంటే ముందు ఎర్త్ వైరు చూడండి

ప్రశ్న: 2006 పెట్రోలు శాంట్రో. రెండేళ్లలో మూడో ఫ్యూయల్ పంపు వేశాం. మళ్లీ హైవే మీద మిస్సింగ్ వస్తోంది, పంపు ఈల వేసినట్టు మోగుతోంది. మెకానిక్ ఇదంతా ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు వల్లే అంటున్నాడు. నిజమేనా?

కొంతవరకే నిజమండి. మొదటి పంపు వయసైపోయి పోయి ఉంటుంది, అందులో వింతేమీ లేదు. ఆ తర్వాతవి ఏడాది తిరక్కుండా పోతున్నాయంటే, బండిలోనే ఏదో వాటిని తినేస్తోంది, లేదంటే అవి పోకుండానే తీసి పారేశారు. ఇలాంటి బళ్లలో ఎక్కువగా జరిగేది ఈ రెండోదేనని నా గట్టి నమ్మకం.

షెడ్డులో ఏం చేస్తారంటే, పంపు కనెక్టరు ఊడదీసి మీటరు పెట్టి, "12 వస్తోంది సార్, వైరింగ్ బానే ఉంది" అనేస్తారు. ఆ పరీక్షతో ఏమీ తేలదు. వైరులో పోగులన్నీ తెగి ఒక్కటే మిగిలినా, లోడు లేనప్పుడు మీటరు 12 చూపిస్తుంది. పంపు 4, 5 ఆంపియర్లు లాగినప్పుడే దాని బండారం బయటపడుతుంది.

కాబట్టి కనెక్టరు పెట్టే ఉంచి, ఇంజిన్ నడుస్తుండగా చూడాలి. వెనక సీటు లేపి, పంపు కనెక్టరు కనిపించేలా మూత తీయండి. అక్కడ పెట్రోలు వాసన గుప్పుమంటే పరీక్ష ఆపి ముందు లీకేజీ సంగతి చూడండి. వాసన లేకపోతే కనెక్టరు వెనక నుంచి, వైరు పక్కగా, సన్నటి ప్రోబు (మీటరు సూది) దూర్చి ఎర్త్ పిన్ను తాకించండి. మీటరు రెండో కాలు నేరుగా బ్యాటరీ నెగటివ్ మీద ఉండాలి. తీగ చాలకపోతే నాలుగైదు మీటర్ల వైరు ముక్క కలుపుకోండి. రీడింగు 0.2 వోల్టు దాటకూడదు. 0.8, 1 అలా వస్తే ఎర్త్ పోయినట్టే. ఆ వైరు బాడీకి బిగించిన బోల్టు విప్పి, తుప్పు గీకి, మెరిసే రేకు కనిపించాక మళ్లీ బిగించాలి. ప్లస్ వైపు కూడా ఇలాగే, బ్యాటరీ ప్లస్ నుంచి పంపు ప్లస్ పిన్ను దాకా 0.5 లోపే పోవాలి. అంతకంటే ఎక్కువ పోతోందంటే రిలే (పంపుకి కరెంటు వదిలే స్విచ్చు) కాంటాక్టులు కాలి ఉంటాయి, లేదా ఫ్యూజు కాళ్లు వదులై ఉంటాయి.

రెండువైపులా కలిపి 2 వోల్టులు పోతే పంపు నెమ్మదిస్తుంది. ఐడ్లింగులో ఏమీ తెలియదు. ఎత్తు మీద మూడో గేరులో యాక్సిలరేటర్ తొక్కినప్పుడు పెట్రోలు చాలక జర్కు కొడుతుంది. కొత్త పంపు వేస్తే అది కొత్తది కాబట్టి కొన్నాళ్లు నెట్టుకొస్తుంది. కాస్త అరగగానే మళ్లీ మొదటికొస్తుంది.

కనెక్టరుని వెలుతురులో పెట్టి చూడండి. పిన్ను చుట్టూ తెల్ల ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, గోరుతో గీరితే పొడి రాలుతుంటే అది వేడికి కాలినట్టే. దానికే కొత్త పంపు తగిలిస్తే కొత్త పిన్నూ కాలుతుంది. వైరు ముక్కతో సహా కనెక్టరు మార్చి, జాయింటు గట్టిగా క్రింపు చేయించండి. ఉత్తి టేపు చుట్టి వదిలేయనివ్వకండి.

వైరింగ్ బాగుందని తేలితే, తీసేసిన పాత పంపు షెడ్డులో వదలకండి, అడిగి తెచ్చుకోండి. ఆరుబయట రెండు రోజులు పూర్తిగా ఆరనిచ్చి, చేతి రంపంతో అంచు కోసి విప్పించండి, గ్రైండరు మాత్రం వద్దు. లోపల పెట్రోలు లాగే పళ్లచక్రం పక్క పళ్లెం మీద గుండ్రంగా గీతలు పడి, సందుల్లో ఇటుకపొడి లాంటిది ఉంటే ట్యాంకు తుప్పు పడుతోందన్నమాట. రాగి భాగాలకు పచ్చగా పట్టి ఉంటే నీళ్లు. కార్బన్లు (మోటారు బ్రష్‌లు) అరిగి, అవి రాసుకునే భాగం నల్లగా మాడి ఉంటే చాలా గంటలు వేడి మీద తిరిగింది.

ఆ వేడికి కారణం చాలాసార్లు మన అలవాటే. పంపు చల్లబడేది పెట్రోలుతోనే. రోజూ రెండు వందలకు కొట్టించి ఎర్ర లైటు మీదే తిప్పే బండిలో ఏ పంపూ ఎక్కువకాలం ఉండదు. గ్యాస్ కిట్ ఉంటే మరీ ప్రమాదం. బండి గ్యాస్ మీద నడుస్తున్నా చాలా కిట్లలో పెట్రోలు పంపు ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. ట్యాంకులో గుక్కెడు పెట్రోలు పెట్టి నెలల తరబడి తిప్పితే మాడిపోక ఏమవుతుంది? పావు ట్యాంకు తగ్గకుండా చూసుకోండి, లేదా గ్యాస్ మీదకు మారగానే పంపు ఆగేలా కిట్ వేసినవాళ్లతోనే రిలే పెట్టించుకోండి.

ఇక ఈ20. 2023 ఏప్రిల్‌కి ముందు వచ్చిన చాలా బళ్ల రబ్బరు భాగాలు దానికోసం చేసినవి కావు. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది. వానాకాలంలో బండి వారాలపాటు కదలకుండా ఉంటే నీళ్లు విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి, పంపు జాలీ ఉండేదీ అక్కడే. పాత ట్యాంకులో అతుక్కున్న మురికిని కూడా ఇథనాల్ ఊడదీస్తుంది. జాలీ మార్చి ట్యాంకు కడగకుండా వదిలేస్తే కొత్త జాలీ నెలకే మూసుకుపోతుంది.

ఇంకో చిన్న ముక్క దగ్గర పెద్ద తప్పు జరుగుతుంది. కొన్ని బళ్లలో పంపుకీ పై మూతకీ మధ్య జానెడు కూడా లేని రబ్బరు పైపు ఉంటుంది. అది ఎప్పుడూ పెట్రోల్లో మునిగే ఉంటుంది. బయట లైన్లకు వాడే మామూలు హోసు అక్కడ వేస్తే ఉబ్బి చీలుతుంది, ప్రెషరంతా ట్యాంకులోనే కారిపోతుంది, నింద పంపు మీద పడుతుంది. ఎస్ఏఈ 30ఆర్10 అని ముద్ర ఉన్న హోసే వేయాలి. చివర 30ఆర్9 అని ఉంటే అది ట్యాంకు బయటకే.

మిస్సింగ్ అరగంట నడిచాకే మొదలవుతుంటే బండి పక్కకు ఆపి ట్యాంకు మూత తీయండి. గాలి లోపలికి హుస్సుమని లాక్కుని, ఆ తర్వాత బండి బాగా నడిస్తే ట్యాంకుకు గాలి అందడం లేదు, వెంట్ పైపు మూసుకుపోయింది. ఎండలో గాలి బయటికి రావడం మామూలే.

ఇవన్నీ చూశాకే నాలుగో పంపు మాట. ప్రెషరు గేజి పెట్టించండి. ఇలాంటి బళ్లలో సాధారణంగా 3 నుంచి 3.5 బార్ ఉండాలి, మీ బండి అంకె సర్వీసు మాన్యువల్‌లో ఉంటుంది. లైను విప్పే ముందు పంపు ఫ్యూజు తీసి, ఇంజిన్ ఆగిపోయేదాకా నడిపి, బ్యాటరీ నెగటివ్ ఊడదీయండి. పంపుతోపాటు జాలీ, ఫిల్టరు, మూత కింది రబ్బరు రింగు కొత్తవి వేయించండి. పది లీటర్లు పోసి స్టార్ట్ చేశాక, సీటు బిగించే ముందే ఆ రింగు చుట్టూ తడి ఉందేమో వేలితో తడిమి చూసి, ఎర్త్ రీడింగు ఇంకోసారి తీసుకోండి.